మొదటి లైకు బరువు

"అమ్మా, పొద్దున నేను వేసిన లైకు సాయంత్రం చూస్తే లేదు. తీసేశారా?" అని ఒక మాస్టారు ఫోను చేశారు. గోదావరి ఒడ్డున పల్లె, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆయన మేం నడిపే కథల వెబ్ పత్రికలో కథ చదివాక కింద కామెంట్లు కూడా చివరిదాకా చదువుతారు, నచ్చినదానికి లైకు వేస్తారు.

"ఎవరూ తీయలేదండీ, అది మా దాకా రాలేదు" అన్నాను.

"మరి నొక్కగానే ఎర్రగా మారింది కదమ్మా?"

సరైన ప్రశ్న అడిగారు. ఆ పత్రికకు కామెంట్ల విభాగం రాసింది నేనే కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నేనే. ఫోనులో చెప్పగలిగింది కొంతే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. లైకుకు వాడే ఆ గుండె గుర్తు వెనక ఏం జరుగుతుందో పాఠకులకు తెలిసి తీరాలని నా నమ్మకం. ఎందుకంటే దాని పక్కన ఉండే లైకుల అంకెను చూసే మనం ఏ కామెంటు చదవాలో, ఏది దాటేయాలో తేల్చుకుంటున్నాం. పైగా ఆ అంకెలో ఒక అన్యాయం దాగి ఉంది. నూరో లైకుకు లేని బలం మొదటి లైకుకు ఉంటుంది. దాని సంగతి చెప్పడానికే ఇదంతా.

ముందు మాస్టారి ప్రశ్న. గుర్తు మీద వేలు పడగానే అది ఎర్రబడుతుంది, పక్కన అంకె ఒకటి పెరుగుతుంది. ఆ క్షణానికి మా సర్వరుకు, అంటే పత్రికను నడిపే కంప్యూటరుకు, ఏమీ తెలియదు. ఎలాగూ చేరుతుందిలే అన్న ధీమాతో మీ ఫోనులోని బ్రౌజరే ముందుగా రంగు మార్చేస్తుంది. ఇప్పుడు దాదాపు పెద్ద సైట్లన్నీ ఇలాగే చేస్తున్నాయి. దానికి కారణం ఉంది. సర్వరు దాకా వెళ్ళి జవాబు వచ్చేదాకా ఆగి, అప్పుడు రంగు మారిస్తే, ఆ కాస్త ఆలస్యానికే మనిషి పడలేదేమో అనుకుని మళ్ళీ నొక్కుతాడు. అందుకని ముందు రంగు, తర్వాత కబురు. కబురు చేరకపోతే గుర్తు మళ్ళీ తెల్లబడాలి, లేదా ఫోను దాన్ని దాచుకుని నెట్టు వచ్చాక మళ్ళీ పంపాలి. మాస్టారు సిగ్నలు లేని చోట నొక్కి, ఫోను ఇంకోసారి పంపేలోపే ఆ పేజీ మూసేశారు. ఎర్రరంగు ఆయన ఫోనులో మాత్రమే ఉండిపోయింది.

ఈ 'మళ్ళీ పంపడం' అనే దగ్గర ఒక మెలిక ఉంది. ఫోను పంపే కబురు రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి: 'ఈ లైకును తిరగెయ్యి', అంటే ఉంటే తీసెయ్యి, లేకపోతే పెట్టు. రెండోది: 'ఈ మనిషికి ఈ కామెంటు మీద లైకు ఉండాలి'. నెట్టు బాగున్నప్పుడు రెంటికీ తేడా కనిపించదు. రైల్లో వెళ్తూ నొక్కారనుకోండి. కబురు సర్వరుకు చేరింది, కానీ 'చేరింది' అన్న జవాబు తిరిగి వచ్చేలోపు సిగ్నలు పోయింది. ఫోనుకు ఆ సంగతి తెలియదు కనుక మళ్ళీ పంపుతుంది. మొదటి రకంలో అయితే రెండో కబురు వచ్చి ఉన్న లైకును తీసేస్తుంది. రెండో రకంలో పదిసార్లు వచ్చినా ఫలితం ఒకటే, లైకు ఉంటుంది. మన ఊళ్ళలో, మన బస్సుల్లో, మన రైళ్ళలో కూర్చుని చదివేవాళ్ళకోసం సైటు కడితే రెండో రకమే కట్టాలి. ఇది ఎవరైనా కొత్తగా ఈ పని నేర్చుకుంటుంటే నేను మొట్టమొదట చెప్పే మాట.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పి ముందుకు వెళ్తాను. లైకు వేయడం అనేది మామూలు లింకు తెరిచినట్టు ఉండకూడదు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అని ఒకటి తెచ్చింది. పేజీలో ఉన్న లింకులను మనం నొక్కకముందే అది తెరిచి తెచ్చిపెట్టుకునేది, వేగం కోసం. కొన్ని సైట్లలో 'తొలగించు' అన్నది కూడా మామూలు లింకుగానే ఉండటంతో, ఎవరూ నొక్కకుండానే జనం దాచుకున్నవి చెరిగిపోయాయి. చూడటం వేరు, మార్చడం వేరు. లైకు మార్చే పని.

ఇక సర్వరు లోపలికి. అక్కడ ఏం ఉంటుందో చెప్పడానికి మన పెళ్ళిళ్ళలో చదివింపులు రాసే పుస్తకం చాలు. మనిషికో వరస: పేరు, ఎదురుగా మొత్తం. పేజీ కింద కూడిక. లైకుల పట్టికా అంతే. ఒక్కో వరసలో ఎవరు, ఏ కామెంటుకు, ఎప్పుడు అని మూడు గడులు. ఒక మనిషి పేరు ఒకే కామెంటు ఎదురుగా రెండుసార్లు రాయకూడదని, ఆ పట్టికను దాచే డేటాబేసుకు ముందే కట్టుదిట్టంగా చెప్పి ఉంచుతాం. నా ప్రోగ్రాము మరిచిపోయినా, ఒకేసారి రెండు కబుర్లు వచ్చినా, రెండో వరసను డేటాబేసే రానివ్వదు. మీకు తెర మీద కనిపించే అంకె ఆ కింది కూడిక. పేజీ తెరిచిన ప్రతిసారీ వరసలన్నీ మొదటినుంచీ లెక్కపెట్టడం దండగ కాబట్టి కూడికను విడిగా రాసి ఉంచుతాం.

ఆ విడిగా రాసిన కూడికతోనే తంటా. ఒక కామెంటుకు 41 లైకులున్నాయి. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కారు. మొదటి కబురు 41 చదివింది, రెండోదీ 41 చదివింది. రెండూ ఒకటి కలిపి 42 అని రాశాయి. రావాల్సింది 43. ఒక మనిషి మాట గాల్లో కలిసిపోయింది, ఎవరికీ తెలియలేదు. అందుకని 'చదువు, కలుపు, రాయి' అని మూడు పనులుగా చెప్పకుండా 'అక్కడ ఎంతుంటే దానికి ఒకటి కలుపు' అని ఒకే పనిగా డేటాబేసుకు అప్పజెప్పాలి. అప్పుడు అది ఒకరి తర్వాత ఒకరిని వరసలో నిలబెట్టి కలుపుతుంది. మా పత్రికకు ఇది చాలు. పెద్ద హీరో సినిమా ట్రైలరు కింద లైకులు వచ్చిపడేచోట ఆ వరసే పెద్ద క్యూ అయిపోతుంది. అక్కడ ఒకే కూడికను పది ఇరవై ముక్కలుగా చేసి, ఒక్కో లైకును ఏదో ఒక ముక్కలో కలిపి, చూపించేటప్పుడు అన్నీ కూడతారు. ఆ కూడిక కూడా కాసేపు పాతదే చూపిస్తారు. అందుకే అలాంటి చోట్ల పేజీ రెండుసార్లు తెరిస్తే అంకె తగ్గినట్టు కనిపించొచ్చు. ఎవరో లైకులు కాజేశారని కంగారుపడక్కర్లేదు. రెడ్డిట్ అనే చర్చల సైటు అయితే ఓట్ల అంకెను కావాలనే కొంచెం అటూ ఇటూ చేసి చూపిస్తుంది, దొంగ ఓట్లు వేసేవాడికి తన ఓటు పడిందో లేదో తేలకుండా.

దొంగ ఓట్ల మాట వచ్చింది కాబట్టి, ఒక మనిషికి ఒకే లైకు అని ఎలా తేల్చాలి? ఖాతా తెరిచి లోపలికి వచ్చినవాళ్ళయితే తేలిక. మా పాఠకుల్లో చాలామంది పెద్దవాళ్ళు. ఖాతా, పాస్‌వర్డు అంటే చదవడమే మానేస్తారు. వాళ్ళను లెక్కలోంచి తీసేయడానికి నాకు మనసొప్పదు. ఖాతా లేనివాళ్ళ కోసం చాలా సైట్లు ఐపీ అడ్రసును, అంటే నెట్టులో ఒక్కో కనెక్షనుకు ఉండే నంబరును, పట్టుకుంటాయి: ఒక అడ్రసు నుంచి ఒకే లైకు. మన దేశంలో ఇది పూర్తిగా తప్పు పద్ధతి. పాత తరహా ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి 429 కోట్ల చిల్లర మాత్రమే. అవి చాలక మన మొబైలు కంపెనీలు ఎందరో వినియోగదారులను ఒకే అడ్రసు వెనక కూర్చోబెడతాయి. అమీర్‌పేట హాస్టల్లో ఒకే వైఫై మీద ఉన్న పిల్లలందరూ బయటికి ఒకే మనిషిలా కనిపిస్తారు. ఒకమ్మాయి లైకు వేస్తే పక్క మంచం అమ్మాయిది చెల్లదు. సొంత ఇల్లు, సొంత కనెక్షను ఉన్నవాడికి పూర్తి ఓటు, హాస్టలు పిల్లలకు అందరికీ కలిపి ఒక ఓటు. సాంకేతిక సౌలభ్యం కోసం చేసే ఇలాంటి పనులకు నేను ఒప్పుకోను. మేం బ్రౌజరులో ఒక గుర్తు పెట్టి దాన్నిబట్టి మనిషిని పోలుస్తాం. దాన్ని తుడిచేసి మళ్ళీ లైకు వేయొచ్చు, నిజమే. ఒక కథ కింద కామెంటు కోసం అంత పని పెట్టుకునేవాళ్ళు అరుదు. ఉన్నట్టుండి ఒకే కామెంటుకు కుప్పలుగా వచ్చిపడితే ఆపి చూస్తాం. కొందరు దొంగలు తప్పించుకున్నా ఫరవాలేదు, నిజమైన పాఠకుల లైకు పోకూడదు.

ఇంతవరకూ చెప్పింది లెక్క తప్పకుండా ఉండటం గురించి. అసలు బాధ లెక్క సరిగ్గా ఉన్నాకే మొదలవుతుంది.

లైకు అనే ఆలోచన వెనక కామెంట్లను తగ్గించాలన్న కోరిక కూడా ఉంది. వీడియోల సైటు వీమియోలో 2005లోనే ఉంది, స్నేహితుల పోస్టులను ఒకచోట చేర్చే సైటు ఫ్రెండ్‌ఫీడ్‌లో 2007లో వచ్చింది. ఫేస్‌బుక్‌లో 2009 ఫిబ్రవరి 9న వచ్చాక లోకమంతా పాకింది. అక్కడ ఆ బొత్తాం చేసినవాళ్ళలో ఒకరైన లియా పెర్ల్‌మన్ చెప్పినదాన్నిబట్టి, ఒకే అభినందన మాట పదేపదే కింద పేరుకుపోకుండా చూడటం వాళ్ళ ఉద్దేశాల్లో ఒకటి. అది మనకు బాగా తెలిసిన బాధే. 'చాలా బాగుంది', 'సూపర్ అండి', 'చేతులు జోడించిన బొమ్మ'. 2010 వేసవిలో ఫేస్‌బుక్ ఒక్కో కామెంటుకు కూడా లైకు పెట్టింది. పొగడ్త అంకెగా మారింది, అంకె కొలమానం అయింది, కొలమానం వచ్చాక దాన్నిబట్టి వరస పెట్టడం వచ్చింది. ఎక్కువ లైకులున్నది పైన, లేనిది కింద.

పాత తెలుగు పాట ఏదైనా యూట్యూబులో తెరవండి. అట్టడుగున ఎక్కడో ఒక పెద్దాయన ఆ పాట రికార్డింగు రోజున వీణ ఎవరు వాయించారో, చరణం మధ్యలో రాగం ఎక్కడ మారిందో నాలుగు పేరాలు రాసి ఉంటారు. దానికి రెండు లైకులు. పైన మొట్టమొదట ఉండేది 'ఈ ఏడాది కూడా ఈ పాట వింటున్నవాళ్ళు లైకు వేసుకోండి'. దానికి వేలల్లో. ఆ పెద్దాయన కామెంటు జనానికి నచ్చక కింద లేదు. జనం దాన్ని చూడనే లేదు. పైన ఉన్నది అందరికీ కనిపిస్తుంది, కనిపిస్తుంది కాబట్టి లైకులు పడతాయి, లైకులు పడ్డాయి కాబట్టి పైనే ఉంటుంది. ఎప్పుడైతే వరస లైకులను బట్టి, లైకులు వరసను బట్టి నడుస్తాయో, మొదట పడ్డ రెండు మూడు లైకులే చివరిదాకా తీర్పు చెబుతాయి.

దీన్ని కొలిచి చూసినవాళ్ళున్నారు. లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ అనే పరిశోధకులు 2013లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఒక వార్తల చర్చా సైటులో అయిదు నెలలపాటు వచ్చిన 1,01,281 కామెంట్లను తీసుకున్నారు. వాటిలో ఏవి మంచివి, ఏవి కావు అని చూడకుండా, గుడ్డిగా చీటీ తీసినట్టు కొన్నింటికి రాగానే ఒక అనుకూల ఓటు వేశారు, మరికొన్నింటికి ఒక వ్యతిరేక ఓటు. తక్కినవాటిని ముట్టుకోలేదు. అనుకూల ఓటు పడ్డవాటిని తర్వాత చూసిన మొదటి మనిషి తానూ అనుకూలంగా ఓటు వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ కామెంట్ల స్కోరు సగటున 25 శాతం ఎక్కువగా తేలింది. ఒకే ఒక్క ఓటు, అదీ కామెంటు చదవకుండా వేసింది. వ్యతిరేక ఓటు పడ్డవాటి విషయంలో ఇంకో చిత్రం జరిగింది. వచ్చినవాళ్ళు అయ్యో పాపమన్నట్టు ఎదురు అనుకూల ఓట్లు వేసి సరిదిద్దేశారు. అన్యాయంగా కిందికి తోస్తే జనం పట్టుకుంటున్నారు, అన్యాయంగా పైకి ఎత్తితే పట్టుకోవడం లేదు. ఈ ఫలితం చదివినప్పటినుంచి లైకుల వరసను నేను మామూలుగా చూడలేకపోతున్నాను.

మా పత్రిక విషయంలో ఆ మొదటి లైకు ఎవరిదో ఊహించడం కష్టం కాదు. కొత్త కథ పొద్దున ఆరింటికి పెడతాం. అప్పుడు అమెరికాలో ముందు రోజు సాయంత్రం. వేసవిలో డాలస్‌లో ఏడున్నర, న్యూజెర్సీలో ఎనిమిదిన్నర. అక్కడి మనవాళ్ళు భోజనాలయ్యాక తీరిగ్గా ఫోను పట్టుకుని కూర్చునే వేళ. ఇక్కడ మనం పాలు కాచి, పిల్లలకు డబ్బాలు కట్టి, బస్సు ఎక్కి ఫోను తీసేసరికి వరస స్థిరపడిపోయి ఉండేది. అక్కడివాళ్ళ అభిరుచిలో తప్పేమీ లేదు, మాకు అండగా నిలిచినవాళ్ళలో వాళ్ళే ముందుంటారు. కానీ పాలమూరు వలస మీద రాసిన కథ కింద ఆ జిల్లా మనిషి మధ్యాహ్నం తన అనుభవం రాస్తే, అది పొద్దుటి 'కళ్ళు చెమర్చాయి' కింద, దాని కింద ఇంకో పది కింద ఉండటం నాకు ససేమిరా మింగుడుపడదు. అది గడియారం చేసిన నిర్ణయం, చదువరులు చేసింది కాదు.

దీనికి మందు వెతికితే ముందు దొరికేది ఎడ్విన్ విల్సన్ అనే గణితవేత్త 1927లో ఇచ్చిన సూత్రం. 2009లో రెడ్డిట్ కామెంట్ల వరసకు దీన్నే తీసుకుంది. దాన్ని అక్కడి పాఠకులకు వివరిస్తూ రాసింది ర్యాండల్ మన్రో, ఎక్స్‌కేసీడీ అనే వెబ్ కార్టూన్లు గీసే ఆయన. సూత్రం మనసు ఇది: తక్కువ మంది చెప్పినదాన్ని తక్కువగా నమ్ము. ఒక కామెంటుకు ఒక అనుకూల ఓటు, సున్నా వ్యతిరేకం ఉంటే నూటికి నూరు శాతం అనొచ్చు. కానీ చెప్పింది ఒక్కడే. ఇప్పుడున్న ఓట్లనుబట్టి అసలు ఆదరణ కనీసం ఎంత ఉండొచ్చని 95 శాతం నమ్మకంతో లెక్కిస్తే దానికి వచ్చేది సుమారు 21 శాతం. 40 అనుకూలం, 10 వ్యతిరేకం ఉన్నదానికి 67 శాతం. 10 అనుకూలం, సున్నా వ్యతిరేకం ఉన్నదానికి 72. అంటే పదిమంది ఏకగ్రీవంగా మెచ్చిన కొత్త కామెంటు, యాభైమంది చూసి పదిమంది పెదవి విరిచిన పాత కామెంటుకన్నా పైకి రాగలదు. ఆలస్యంగా వచ్చినవాడికి ఇది నిజమైన మేలు.

కానీ ఈ సూత్రానికి వ్యతిరేక ఓటు కావాలి. మా దగ్గర అది లేదు, పెట్టను కూడా. తెలుగులో అది ఎటు పోతుందో నాకు తెలుసు. సినిమా అభిమానుల గుంపులు ఒకరి మీద ఒకరు దండెత్తడానికి వాడినట్టే, సాహిత్యంలోనూ వాదాలవారీగా, కులాలవారీగా గుంపుగా వచ్చి ఒకరి కామెంటును పూడ్చడానికి వాడతారు. యూట్యూబు 2021 నవంబరులో వీడియోల కింద డిస్‌లైకుల అంకెను జనానికి కనబడకుండా తీసేసింది, ఇలాంటి మూకదాడులే కారణమని చెప్పింది. ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకరి జవాబుకు వ్యతిరేక ఓటు వేస్తే వేసినవాళ్ళకూ ఒక పాయింటు కోత పడుతుంది, ఆలోచించి వేయమని. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది, కానీ అక్కడ జవాబు పనిచేస్తుందా లేదా అన్నది తేల్చుకోవచ్చు. కథ మీద ఒక మనిషి జ్ఞాపకానికి మైనస్ వేయడం ఏమిటి?

వ్యతిరేక ఓటు లేకపోతే లైకుల అంకెకు అర్థం చెప్పేది ఏముంటుంది? పన్నెండు లైకులు, అయితే ఎంతమందిలో పన్నెండు? ఇక్కడే మేం చేస్తున్న పని మొదలవుతుంది, నేను అన్నిటికన్నా ఇష్టంగా చేసిన పని కూడా ఇదే. కామెంటు ఎంతమంది కళ్ళముందుకు వచ్చిందో లెక్కపెడతాం. కామెంటులో సగానికి పైగా తెర మీద కాస్సేపు నిలిచి ఉంటే, అంటే వేలితో సర్రున తోసేయకుండా ఆగితే, ఒక చూపు. బ్రౌజర్లలో దీనికి ఏర్పాటు ఉంది, ఏది తెరమీదికి వచ్చిందో అవే చెబుతాయి. ఎవరు చూశారన్నది రాసుకోం, ఎందరన్నదే. చూసినవాళ్ళలో ఎందరు లైకు వేశారన్నదానికి విల్సన్ సూత్రం కడతాం. చూసి లైకు వేయకపోవడం వ్యతిరేకత కాదని నాకు తెలుసు. అయినా 300 మంది చూస్తే 12 లైకులు పడ్డ కామెంటుకూ, 20 మంది చూస్తే 9 పడ్డ కామెంటుకూ ఉన్న తేడా ఈ లెక్కలో కనిపిస్తుంది. రెండోది పైకి వస్తుంది. వచ్చి ఎక్కువమందికి కనిపించాక అది నిజంగా అంత బాగుందో లేదో వాళ్ళే తేలుస్తారు.

కథ పెట్టిన మొదటి రోజంతా వరసే ఉండదు. పేజీ తెరిచిన ఒక్కొక్కరికి కామెంట్లు ఒక్కో క్రమంలో కలిపి చూపిస్తాం, అంకెలు దాచేస్తాం. రెడ్డిట్‌లో పోటీలు పెట్టేటప్పుడు ఇలాగే కలగాపులగం చేసి, స్కోరు దాచి ఉంచే ఏర్పాటు ఉంది, ఆలోచన అక్కడిదే. మర్నాడు పొద్దున అంకెలు తెరుస్తాం, అప్పుడు వరస మొదలవుతుంది. అప్పటికి భూమి ఒక చుట్టు తిరిగి ఉంటుంది, డాలస్ వాళ్ళూ చదివి ఉంటారు, దేవరకొండ వాళ్ళూ చదివి ఉంటారు.

మా సంపాదకుడికి ఇది మొదట నచ్చలేదు. "అంకె కనబడకపోతే జనం లైకు వేయరక్కా, ఎదుటివాళ్ళు వేస్తేనే వేస్తారు" అన్నాడు. "అలా వేసేది నాకు వద్దురా, చదివి వేసేదే కావాలి" అన్నాను. లైకులు నిజంగానే తగ్గాయి. పొడుగు కామెంట్లు పైకి రావడం కూడా మొదలైంది. ముఖ్యంగా తమ ఊరి సంగతో, కథలో మాండలికం ఎక్కడ తేడా వచ్చిందో చెప్పేవి. ఇప్పుడతను కూడా అంకెలు తిరిగి పెట్టమని అడగడం లేదు.

ఎవరు లైకు వేశారో పేర్లు చూపించమని కొందరు అడుగుతుంటారు. చూపించం. దీని వెనక భయం ఉత్తిది కాదు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది, ఆమె స్నేహితురాలు దానికి లైకు వేసింది. ఇద్దరినీ పోలీసులు అరెస్టు చేశారు. రాసిన అమ్మాయిని మాత్రమే కాదు, లైకు వేసిన అమ్మాయిని కూడా. ఆ అరెస్టుల మీద దేశమంతా గగ్గోలు పుట్టింది, శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్ళింది, 2015 మార్చి 24న నెట్టులో అభ్యంతరకరంగా రాసినవాళ్ళను శిక్షించే, ఐటీ చట్టంలోని 66ఏ సెక్షనును కోర్టు కొట్టేసింది. అమెరికాలో 2013లో ఒక అప్పీలు కోర్టు, షెరీఫ్ ఎన్నికలో ప్రత్యర్థి పేజీకి లైకు వేసిన ఉద్యోగి కేసులో, లైకు కూడా మాట్లాడటమేనని, దానికి భావప్రకటనా స్వేచ్ఛ వర్తిస్తుందని చెప్పింది. ఒకప్పటి ట్విట్టరు అయిన ఎక్స్ కూడా 2024 జూన్‌లో ఎవరు దేనికి లైకు వేశారన్నది ఇతరులకు కనబడకుండా చేసింది.

మా దగ్గర కోర్టులదాకా వెళ్ళే సంగతులు ఉండవు. కానీ కులాంతర పెళ్ళి కథ కింద ఒకామె తన ఇంట్లో జరిగింది రాస్తే, దానికి లైకు వేసినవాళ్ళలో ఆ ఊరివాళ్ళు, ఆ చుట్టరికంవాళ్ళు ఉంటారు. పేరు కనబడితే వాళ్ళు నొక్కరు. నొక్కకపోతే ఆమెకు తాను ఒంటరిననిపిస్తుంది. పేరు లేని ఆ పదకొండో పన్నెండో లైకులు ఆమెకు ఎంత అవసరమో, ఆమె తర్వాత రాసిన ఉత్తరం చదివాక నాకు ఇక సందేహం లేకుండా పోయింది. ఎవరు నొక్కారన్నది పట్టికలో ఉండక తప్పదు, రెండోసారి రాకుండా చూడాలి కదా. అయితే అక్కడ కూడా అసలు పేరు బదులు తిరిగి పేరుగా మార్చలేని గుర్తు ఒకటి ఉంచే పని నడుస్తోంది.

మరో సంగతి మీద ఇంకా మాలో మాకు వాదన నడుస్తోంది. ఒకరు కామెంటు రాశారు, ముప్పై లైకులు వచ్చాయి. వారం తర్వాత ఆయన దాన్ని దిద్ది పూర్తిగా వేరే మాట రాశారు. ఆ ముప్పైమంది దేనికి లైకు వేసినట్టు? చాలా సైట్లు 'సవరించారు' అని చిన్నగా రాసి ఊరుకుంటాయి, లైకులు అలాగే ఉంటాయి. నాకది సరికాదనిపిస్తుంది. వాళ్ళు ఒప్పుకున్న మాట ఒకటి, వాళ్ళ అంకె నిలబడ్డ మాట ఇంకొకటి. అలాగని అక్షరదోషం దిద్దుకున్నవాళ్ళ లైకులన్నీ చెరిపేస్తే దిద్దుకోవడమే మానేస్తారు, తెలుగు టైపింగులో తప్పులు ఎలా దొర్లుతాయో మనకు తెలియంది కాదు. ప్రస్తుతానికి ఇలా చేశాం. రాసిన అరగంటలోపు ఏం దిద్దినా లైకులు కదలవు. తర్వాత దిద్దితే పాత మాట, కొత్త మాట రెండూ పక్కపక్కన చూసుకునే వీలుంటుంది, పాత మాటకు పడ్డ లైకులు పాత మాట దగ్గరే ఉంటాయి, కొత్తదానికి సున్నా నుంచి మొదలు. రెండు మూడు అక్షరాలు మాత్రమే మారినప్పుడు మా ప్రోగ్రాము దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది. ఈ 'రెండు మూడు అక్షరాలు' అన్న హద్దు ఎక్కడ పెట్టాలన్నదే తేలడం లేదు. తెలుగులో 'చేశాడు'కీ 'చేయలేదు'కీ మధ్య కూడా దూరం అంతే.